తడిస్తే రంగు ఎందుకు ముదురుతుంది? ఇంట్లోనే చేసి చూసే పద్ధతి

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను, సెలవు రోజుల్లో చెక్క పని చేస్తాను. రెండు చోట్లా ఒకే ప్రశ్న ఎదురవుతూ ఉంటుంది. నీళ్లకి రంగు లేదు. గ్లాసులో పోస్తే అవతలి గోడ కనపడుతుంది. అలాంటి నీళ్లు చొక్కా మీద ఒక్క చుక్క పడితే అక్కడ ముదురు మచ్చ ఎందుకొస్తుంది? ఇటుక, మట్టి, ఇసుక, సిమెంటు గచ్చు, చిత్రిక పట్టిన చెక్క, అన్నిటిదీ ఇదే వరస.

క్లాసులో అడిగితే ఎక్కువమంది "నీళ్లు వెలుతురుని పీల్చుకుంటాయి సార్" అంటారు. తప్పని చెప్పి, సరైన జవాబు బోర్డు మీద రాసేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ అలా రాసిచ్చింది పరీక్ష దాకా కూడా నిలవదు. అందుకని పిల్లల చేత ఏ వరసలో చేయిస్తానో ఆ వరసలోనే ఇక్కడ రాస్తున్నాను. ఒక్కో ప్రయోగం ఒక్కో అనుమానం తీరుస్తుంది కాబట్టి మధ్యలోది వదిలేసి ముందుకెళ్లకండి.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తాను. నిజానికి తడి దేన్నీ నల్లబరచదు. పొడిగా ఉన్నప్పుడు ఆ వస్తువు సందుల్లో దూరిన గాలే దానికి తెల్లటి ముసుగు వేస్తుంది. నీళ్లు పడితే ఆ ముసుగు జారుతుంది. ఇది నమ్మమని అడగడం లేదు, కింద రాసినవన్నీ చేసి చూసి మీరే తేల్చుకోండి.

ఏమేం కావాలి

ఒక టార్చి, లేదా ఫోన్ లైటు. అట్టపెట్టె నుంచి కోసిన గోధుమరంగు అట్టముక్క. తెల్ల కాగితాలు. అడుగు చదునుగా ఉండే గాజు గిన్నె. మూడు గుప్పెళ్ల పొడి ఇసుక. కొంచెం వంటనూనె. నున్నటి మెరుపున్న టైలు ముక్క ఒకటి. భూతద్దం ఉంటే మరీ మంచిది. కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట కూర్చోండి. నేరుగా ఎండ పడితే తడి మీద మెరుపు వచ్చి అసలు రంగు కనపడనివ్వదు.

ముందు నీళ్ల మీద పడ్డ నింద తీసేద్దాం

గాజు గిన్నెలో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, పొడి అట్టముక్క మీద పెట్టండి. అట్ట సగం గిన్నె కిందా, సగం బయటా ఉండాలి. పైనుంచి నిటారుగా చూడండి. గిన్నె అంచు నీడని వదిలేస్తే, రెండు సగాల రంగులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఇప్పుడు గిన్నె తీసేసి అదే అట్ట మీద ఒక చుక్క వేసి వేలితో రాయండి. మచ్చ ఎంత ముదురుగా పడిందో చూడండి. రెండు వేళ్ల లోతు నీళ్ల వల్ల కానిది, వేలికి అంటిన తడి వల్ల అయింది.

పీల్చుకోవడమే కారణమైతే నీళ్లు లోతుగా ఉన్నచోట రంగు ఇంకా ముదరాలి కదా. నీళ్లు వెలుతురుని, అందులోనూ ఎరుపుని, కొంత పీల్చుకునే మాట నిజమే. కానీ అది కంటికి తెలియాలంటే మీటర్ల లోతు కావాలి, చుక్కలో ఏమీ తెలియదు. గిన్నె పెట్టినప్పుడు అట్ట పొడిగానే ఉంది, దాని నారల మధ్య గాలి ఎక్కడిదక్కడే ఉంది. చుక్క వేసి రాస్తే గాలి బయటికి పోయి ఆ సందుల్లోకి నీళ్లు చేరాయి. మారింది అదొక్కటే.

కాగితం మీద రెండు చుక్కలు

తెల్ల కాగితం మీద ఒక చుక్క నీళ్లు, కొంచెం దూరంలో ఒక చుక్క నూనె వెయ్యండి. నూనె ఇంకడానికి కాసేపు పడుతుంది, ఆగండి. కాగితాన్ని ఏదైనా నల్లటి దాని మీద పరిచి పైనుంచి చూస్తే రెండు మచ్చలూ ముదురుగా ఉంటాయి, నూనె మచ్చ ఇంకాస్త ఎక్కువగా. ఇప్పుడు కాగితం ఎత్తి కిటికీకి ఎదురుగా పట్టుకోండి. ఇందాక ముదురుగా ఉన్న మచ్చలే ఇప్పుడు వెలుగుతుంటాయి, చుట్టూ ఉన్న పొడి కాగితం మసకగా ఉంటుంది.

ఇక్కడ కాసేపు ఆగమని పిల్లలకి చెప్తాను, మీకూ అదే చెప్తున్నాను. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, మచ్చ ముదరడం, వెలగడం మార్చి మార్చి చూడండి. మచ్చ దగ్గర మన కంటికి చేరని వెలుతురు ఎక్కడికీ పోలేదు, కాగితం అవతలికి దాటింది. పొడిచోట అదే వెలుతురు దాటలేక వెనక్కి తిరిగి మన కంట్లో పడుతోంది, అందుకే తెల్లగా ఉంది.

ఇంకో ముచ్చట. కాగితానికి ముందూ వెనకా చెరో లైటు పెట్టి, వాటిని దగ్గరికీ దూరానికీ జరుపుతూ పోతే ఒకచోట నూనె మచ్చ దాదాపు మాయమైపోతుంది. అప్పుడు రెండు వైపుల నుంచీ కాగితం మీద పడే వెలుతురు సమానమన్నమాట. దీపాల వెలుగుని పోల్చడానికి 19వ శతాబ్దంలో రాబర్ట్ బున్‌సెన్ వాడిన సాధనం ఇదే. లాబ్‌లో మనం వెలిగించే బున్‌సెన్ బర్నర్ పేరు కూడా ఆయనదే.

నీళ్ల కంటే నూనె మచ్చ ఎందుకు ముదురు? దీనికి వక్రీభవన గుణకాలు కావాలి, అంటే ఒక్కో పదార్థంలో వెలుతురు ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకెలు. గాలికి 1.00, నీళ్లకి 1.33, వంటనూనెకి సుమారు 1.47, కాగితపు నారకి 1.5 పైన. వెలుతురు ఒక పదార్థం నుంచి ఇంకోదానిలోకి దాటేటప్పుడు ఈ అంకెల మధ్య తేడా ఎంత పెద్దదైతే అంత ఎక్కువగా వెనక్కి తిరుగుతుంది, అంత ఎక్కువగా దారి తప్పుతుంది. తేడా తగ్గిందంటే హద్దు ఉన్నట్టు కూడా తెలియకుండా దాటిపోతుంది. విడిగా చూస్తే కాగితపు నార దాదాపు రంగులేని, వెలుతురుని దాటనిచ్చే పదార్థమే. ఆ తెల్లదనమంతా నారకీ గాలికీ మధ్య ఉన్న లెక్కలేనన్ని హద్దుల వల్ల వచ్చింది. సందుల్లో నీళ్లు నింపితే హద్దులు బలహీనపడతాయి, నూనె నింపితే దాదాపు చెరిగిపోతాయి.

ఇసుక దగ్గర తీరిగ్గా కూర్చోండి

ఇసుకని మూడు చిన్న కుప్పలు చెయ్యండి. ఒకటి పొడిగా ఉంచి, ఒకటి నీళ్లతో, ఒకటి నూనెతో తడపండి. పైన మడుగు కట్టకుండా, లోపలికి ఇంకేంత పోస్తే చాలు. పొడిది లేతగా, నీటిది ముదురుగా, నూనెది అన్నిటికన్నా ముదురుగా వరసలో నిలబడతాయి.

ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ గుణకం 1.54. గాలిలోంచి వచ్చే వెలుతురు క్వార్ట్జ్ మీద నిటారుగా పడితే సుమారు 4.5 శాతం వెనక్కి తిరుగుతుంది. అదే నీళ్లలోంచి పడితే 0.5 శాతమే. నూనెలోంచైతే 0.05 శాతం. ఒక్క రేణువు దగ్గర ఇది చిన్న సంగతిలా ఉంటుంది కానీ, కుప్పలో వెలుతురు ఒక రేణువు నుంచి ఇంకోదానికి ఎన్నోసార్లు దాటాలి. పొడి ఇసుకలో రెండు మూడు పొరల్లోనే చెల్లాచెదురై పైకి వచ్చేస్తుంది. తడి ఇసుకలో ప్రతి రేణువు దగ్గరా వంగేది కొద్దిగానే, చాలావరకు ముందుకే సాగుతుంది. మళ్లీ పైకి తిరగాలంటే ఇంకా ఎన్నో రేణువులు దాటాలి. అంతసేపు లోపల తిరిగితే రేణువుల మీద ఉన్న ఇనుపతుప్పు రంగో, మట్టి రంగో దాన్ని మింగేస్తుంది. అంటే వెలుతురుని తాగేది ఇసుకే, నీళ్లు లోపలికి దారి చూపిస్తాయి అంతే. 1986లో టూమీ, బోరెన్, మెర్గెంథేలర్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ వివరణని లెక్కలతో సహా ప్రచురించారు.

నీళ్ల కుప్పని ఆరనిచ్చి భూతద్దంతో చూస్తే ఇంకా బాగుంటుంది. ముందు పైకి పొడుచుకొచ్చిన రేణువుల తలలు తెల్లబడతాయి. వాటి మధ్య పల్లాల్లో నీళ్లు ఇంకా పట్టుకుని ఉంటాయి, అక్కడ ముదురుగానే ఉంటుంది. కాసేపటికి ఆ పల్లంలో నీటి పొర తెగి గాలి దూరుతుంది, చుట్టూ ఉన్న నాలుగైదు రేణువులు ఒకేసారి లేతబడతాయి. ఈ క్షణం కోసం ఎంతసేపు వంగి చూసినా నాకు విసుగు రాదు.

సముద్రపు ఒడ్డున తడి ఇసుక మీద నడిచినప్పుడు అడుగు చుట్టూ ఒక్క క్షణం ఇసుక ఆరిపోయినట్టు తెల్లబడటం చాలామంది చూసే ఉంటారు. ఒత్తుకుని కూర్చున్న రేణువులు కాలి బరువుకి కదిలితే వాటి మధ్య సందులు పెద్దవవుతాయి, పైనున్న నీళ్లు ఆ సందుల్లోకి దిగిపోతాయి, పైపొరలో గాలి చేరుతుంది. 1885లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీన్ని వివరించాడు. ఎండ ఆరబెట్టకుండానే, గాలి దూరడం వల్లనే ఇసుక లేతబడటానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు తెలీదు.

టైలుని తిరగేసి చూడండి

టైలు నున్నటి వైపు నీళ్లు పొయ్యండి. రంగు మారదు, మెరుస్తుంది అంతే. తిరగేసి గరుకు వైపు పొయ్యండి. పోసీ పొయ్యకముందే ముదురు మచ్చ పాకుతుంది. నున్నటి వైపు గాలికి చోటే లేదు కాబట్టి నీళ్లు తొలగించడానికీ ఏమీ లేదు. గాజు పలక, స్టీలు గిన్నె తడిసినా ముదరకపోవడానికి కారణం కూడా ఇదే. అదే గరుకు గాజు అయితే గరుకు వైపు తడి చెయ్యి రాసిన చోట అవతలివన్నీ స్పష్టంగా కనపడతాయి.

పెద్దగా సందులు లేని గరుకు వస్తువుల మీద ఇంకో కారణం కూడా పనిచేస్తుంది. దాన్ని 1925లో స్వీడన్‌కి చెందిన ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ చెప్పాడు. ఆంగ్‌స్ట్రామ్ అనే అతి చిన్న పొడవు కొలతకి పేరిచ్చిన శాస్త్రవేత్తకి ఈయన మనవడు. వస్తువు మీద పల్చటి నీటి పొర ఉందనుకోండి. వెలుతురు ఆ పొరలోకి సులువుగా దిగుతుంది. గరుకు ఉపరితలం దాన్ని అన్ని దిక్కులకీ చిమ్ముతుంది. కానీ నీళ్లలోంచి గాలిలోకి రావాలంటే నిట్టనిలువు నుంచి 48.6 డిగ్రీల లోపల రావాలి, దీన్నే సందిగ్ధ కోణం అంటారు. అంతకన్నా ఏటవాలుగా వచ్చింది సంపూర్ణాంతర పరావర్తనంతో మళ్లీ వస్తువు మీదికే తిరిగిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. 100 పాళ్లు పడితే 50 పాళ్లు తిప్పిపంపే వస్తువు తీసుకోండి. తడిసినప్పుడు ఆ 50లో సుమారు 26 బయటపడతాయి, 24 వెనక్కి వస్తాయి. ఆ 24లో 12 వస్తువు మింగుతుంది, 12 మళ్లీ పైకి చిమ్ముతుంది, అందులో 6 బయటపడతాయి, 6 మళ్లీ కిందికి. ఇలా కూడుకుంటూ పోతే బయటికొచ్చేవి 34 దగ్గర ఆగుతాయి. నీటి పైపొర నుంచి నేరుగా తిరిగే 2 పాళ్లు కలిపినా 36. అంటే 50 కాస్తా 36 అయింది.

ఇదే లెక్క 90 పాళ్లు తిప్పిపంపే తెల్లటి దానికి వేస్తే 83 వరకు వస్తుంది, కంటికి పెద్దగా తెలీదు. 5 పాళ్లే తిప్పిపంపే నల్లటి దాని దగ్గర తగ్గడానికి ఇంకేం మిగిలింది? అందుకే ప్రయోగానికి గోధుమరంగు అట్ట, ఇటుక, ఖాకీ గుడ్డ, బూడిదరంగు సిమెంటు లాంటి మధ్యస్థం రంగులు ఎంచుకోమంటాను.

రంగు చిక్కబడటం

తడి గులకరాయి కొంచెం నల్లబడటమే కాదు, దాని ఎరుపు మరింత ఎరుపుగా కనపడుతుంది. ఒక ఎర్రరాయి ఎరుపు వెలుతురులో 50 శాతం, నీలంలో 15 శాతం తిప్పిపంపుతుందనుకోండి. ఎరుపు నీలానికి 3.3 రెట్లు. నీటి పొర కింద వెలుతురు మళ్లీ మళ్లీ రాయికి తగిలితే ప్రతిసారీ నీలం ఎక్కువగా, ఎరుపు తక్కువగా పోతుంది. లెక్క కడితే ఎరుపు 34కి, నీలం 8కి దిగుతాయి. ఇప్పుడు ఎరుపు 4 రెట్లు. పొడిగా ఉన్నప్పుడు గరుకు పైపొర నుంచి తిరిగే తెల్ల వెలుతురు కూడా రంగులో కలిసి దాన్ని వెలిసినట్టు చూపిస్తుంది, తడిస్తే అదీ తగ్గుతుంది. ఏటి ఒడ్డున మెరిసిన రాయి ఇంటికొచ్చాక బోసిపోతే దాన్ని పారేయకండి. నున్నగా పాలిష్ పట్టినా, వార్నిష్ పూసినా ఆ రంగు తిరిగొస్తుంది.

ఎక్కడ పొరపడతాం

తడి పొర మీద మెరుపు పడే కోణం నుంచి చూస్తే తడిచోటు ముదురుగా కాకుండా తెల్లగా కనపడుతుంది. పక్కకి జరిగి చూడండి. పోలరైజ్డ్ కళ్లద్దాలుంటే పెట్టుకోండి. నిట్టనిలువు నుంచి 53 డిగ్రీలు వంచి చూస్తే ఆ మెరుపు దాదాపు పూర్తిగా పోయి అసలు ముదురు రంగు బయటపడుతుంది. రాత్రి వాన పడ్డ తారురోడ్డు మరీ నల్లగా ఉండటంలో కూడా ఈ మెరుపుదే పెద్ద పాత్ర. పొడి రోడ్డు హెడ్‌లైట్ వెలుగుని కొంత మన వైపు చిమ్ముతుంది. నీటి పొర అద్దంలా మారి దాన్ని ముందుకే పంపేస్తుంది. ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లకి మెరుపు, మనకి చీకటి. అలాంటప్పుడు బండి నెమ్మదిగా నడపండి, గుంతలు నిజంగానే కనపడవు.

ఎమల్షన్ పెయింటుది ఇంకో దారి. డబ్బాలో పాలు కలిసినట్టు ఉంటుంది, గోడ మీద ఆరాక రంగు కాస్త ముదురుతుంది. తడిగా ఉన్నప్పుడు అందులోని ప్లాస్టిక్ రేణువులు నీళ్లలో విడివిడిగా తేలుతూ వెలుతురుని చిమ్ముతాయి, ఆరాక ఒకదానికొకటి అతుక్కుని పారదర్శకమైన పొర అవుతాయి. సూత్రం అదే, హద్దులు పోయాయి కాబట్టి తెల్లదనం పోయింది. ఈసారి హద్దుల్ని చెరిపింది ఆరడం.

పనిలో ఎలా వాడుకోవాలి

చెక్క పనిలో నాకిది ప్రతిసారీ పనికొస్తుంది. వార్నిష్ వేస్తే చెక్క ఏ రంగుకి తిరుగుతుందో ముందే చూడాలంటే తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. కాకపోతే నీళ్లకి చెక్క నార లేస్తుంది, మళ్లీ గరుకు కాగితం పట్టాలి. టర్పెంటైన్‌తో తుడిస్తే నార లేవదు, పైగా దాని గుణకం 1.47, వార్నిష్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి కనపడే రంగు అసలు రంగుకి బాగా దగ్గరగా వస్తుంది. తలుపులూ కిటికీలూ తీసి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని తుడవండి. తుడిచిన వెంటనే చెక్కని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూస్తే పొడిగా ఉన్నప్పుడు దాగిన లోపాలన్నీ కనపడతాయి. గరుకు కాగితం అడ్డంగా గీసిన గీతలు ఒక పక్క, జిగురు కారి ఆరిన చోట లేత మచ్చలు ఇంకో పక్క. జిగురు పట్టిన నారలోకి టర్పెంటైన్ దిగదు, అందుకని అక్కడ మాత్రం ముదరదు. వార్నిష్ వేశాక ఆ మచ్చ తియ్యాలంటే పూతంతా గీకాలి. ఇప్పుడైతే రెండు నిమిషాలు గీకితే పోతుంది.

సున్నం వేసేటప్పుడు మొదటి పూత గోడ కనపడేలా పల్చగా ఉందని కంగారుపడి, అది ఆరకుండానే రెండోది దట్టంగా పట్టించొద్దు. సున్నం గుణకం సుమారు 1.57, నీళ్లకి మరీ దూరం కాదు, అందుకే తడిగా ఉన్నంతసేపూ తెల్లదనం తేలదు. నీళ్లు పోయి గాలి చేరాకే తెలుస్తుంది. టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి ఉన్న పెయింట్లకి ఈ ఇబ్బంది తక్కువ. దాని గుణకం 2.7 దాకా ఉంటుంది, నీళ్లలో ఉన్నా తెల్లగానే ఉంటుంది. సుద్ద పొడిని నూనెలో కలిపిన లప్పం మాసిన తెలుపులో ఉండటం చూసి సుద్ద నాసిరకమనుకునేవాళ్లున్నారు. నూనె ఏ సుద్దనైనా అలాగే చేస్తుంది.

గోడ మీద ముదురు మచ్చ కనపడితే చెమ్మేనని తేల్చేసే ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. మచ్చ అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, ఫ్యాను గాలి తగిలేలా పెట్టి మర్నాడు చూడండి. గీత లోపలికి కుంచించుకుపోతే నీళ్లు, ఆరుతున్నాయి. గీత దాటి బయటికి పాకితే లోపల నుంచి నీళ్లు ఇంకా వస్తున్నాయి, ముందు పైపులు చూపించుకోండి. గీత దగ్గరే కదలకుండా ఉంటే జిడ్డు కావచ్చు, లేదా ఎంత చెమ్మ ఆరుతోందో అంతా లోపలి నుంచి వస్తూ ఉండవచ్చు. అప్పుడు మచ్చ మీద టిష్యూ కాగితం గట్టిగా అదిమి, తీసి కిటికీకి ఎదురుగా పట్టుకోండి. కాగితం మీద వెలుతురు దాటే మరక పడి, గంట తర్వాత కూడా అలాగే ఉంటే అది నూనె.